పక్కపక్కన పెట్టని డబ్బాలు

మొన్న కొరియర్ అబ్బాయి రెండు అట్టపెట్టెలు గుమ్మంలో పెట్టిపోయాడు. ఒకదాంట్లో కొత్త స్పీకర్లు, ఇంకోదాంట్లో క్రాసోవర్లు. క్రాసోవర్ అంటే పెద్ద వింతేమీ కాదు. లావు శబ్దాన్ని పెద్ద స్పీకరుకూ, సన్న శబ్దాన్ని చిన్న ట్వీటరుకూ పంచిపెట్టే పలక. అరచేతిలో ఇమిడిపోతుంది. వాటిని పక్కన పెట్టుకుని, సజ్జ మీది నుంచి దింపించిన మా నాయన పాత సౌండు డబ్బాల వెనక చెక్క విప్పాను. మరలు తుప్పుపట్టి ఒక పట్టాన రాలేదు. ఊడాక మాత్రం లోపలి నుంచి చింతగింజల జిగురు వాసన వచ్చింది. ఇన్నేళ్లయినా అది పోలేదు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోవడమే మానేసినదాన్ని, ఆ వాసనకు నేలమీద చతికిలబడ్డాను. లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ డబ్బాలు బాగుచేయమని అడిగింది మా చిన్నాయన. నేరుగా అడగలేదు, మనవడితో ఫోన్ చేయించాడు. మా చిన్నమ్మ పోయి ఏడాది కావస్తోంది. రాజోలి దగ్గర వాళ్లు ఇప్పుడుంటున్న ఊళ్లో ఆమె జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. పాత డబ్బాలు ఉన్నాయా అని తాత అడుగుతున్నాడనీ, డీజే వద్దంటున్నాడనీ, అవే పెట్టాలంటున్నాడనీ పిల్లవాడు చెప్పాడు. ఉన్నాయన్నాను. బాగుచేసి నేనే తెస్తానని కూడా అన్నాను. నాగర్‌కర్నూల్‌లో ఐటీఐ పిల్లలకు రేడియో, టీవీ రిపేరు నేర్పి రిటైరైనదాన్ని, అదొక పెద్ద పనా అనుకున్నాను. మా నాయనా చిన్నాయనా విడిపోయింది ఆ డబ్బాల దగ్గరే. అప్పటి నుంచి చిన్నాయన వాటి ఊసెత్తగా నేను వినలేదు.

మా ఇల్లు గద్వాలలో, మగ్గాల వీధికి వెనకవైపు. అమ్మానాయనలది ఒక అర్ర, చిన్నాయన, చిన్నమ్మలది ఇంకో అర్ర, మధ్యన అందరిదీ ఒకటే వసారా. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, దాని మీద మా ఇంట్లో హలో హలో అని మైకు పరీక్షల చప్పుడు. అన్నదమ్ములిద్దరూ మైకు సెట్టు నడిపేవాళ్లు. పెళ్లయినా, పీర్ల పండుగైనా, జాతరైనా, మా చర్చిలో కూటాలైనా మా పోంగాలే మోగాలి. పోంగా అంటే రేకు గొట్టం, ఉమ్మెత్త పువ్వులా ఉండేది. అందులోంచి వచ్చే మాట ఊరవతలిదాకా పోయేది గానీ పాట మాత్రం ముక్కుతో పాడినట్టుండేది.

మా నాయనది పెద్దరికం. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆయన అవునంటే అవును, కాదంటే కాదు. చిన్నాయన అలా కాదు. నవ్వకుండా ఒక్క పూట కూడా ఉండలేడు. నన్ను ఆయన మైకు పిల్ల అనేవాడు. ఎందుకంటే ఏ కొత్త వైరు కలిపినా ముందు నా గొంతుతోనే పరీక్ష. నేను ఎక్కాలు అప్పజెబుతుంటే ఆయన దూరంగా పోయి నిలబడి వినేవాడు. తప్పు చెబితే అక్కడి నుంచే అరిచి దిద్దేవాడు. ఎక్కాలు నాకు అలా వచ్చినవే, బడిలో వచ్చినవి కావు.

ఒక ఆదివారం చర్చిలో అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. ఆ రోజు ఎవరింట్లోనో బిడ్డకు పేరు పెట్టారని బయట విందు. మటన్ కూర వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. నేను మైకు పెట్టె దగ్గర కూర్చుని, చేతిలో ఉన్న రెండో మైకులో మెల్లగా, అన్నం సల్లారుతున్నది అయ్యగారూ అనేశాను. మెల్లగా అన్నాననుకున్నాను. వీధి వీధంతా విన్నది. కళ్లు తెరిచేలోపల చిన్నాయన నా చేతిలోంచి మైకు లాక్కుని తనే అన్నట్టు తలవంచుకుని నిలబడ్డాడు. అయ్యగారు మంచివాడు. ఆమెన్ చెప్పేసి, పదండి తిందాం అన్నాడు. ఇంటికొచ్చాక నాయన తిట్లన్నీ చిన్నాయనే పడ్డాడు.

ఆ ఏడాదే పెబ్బేరు దిక్కు ఒక టూరింగ్ టాకీసు మూతపడింది. తెర వెనక ఉండే రెండు సౌండు డబ్బాలు మా ఇంటికి వచ్చాయి. టేకు చెక్కవి, నా భుజాలదాకా ఉండేవి. చెక్క రాయిలా ఉంది గానీ లోపల స్పీకర్ల కాగితాన్ని ఎలుకలు కొట్టేశాయి. ఒకదాంట్లో ఎలుకపిల్లలు కూడా ఉన్నాయి. వాటిని చూసి మా అమ్మ పెట్టిన కేకకు మగ్గాలు ఆగిపోయాయని చిన్నాయన తర్వాత చాలా రోజులు చెప్పుకున్నాడు.

లోపలికి వేరే స్పీకర్లు కావాలి. అవి రాయచూరులో దొరుకుతాయి. అక్కడ కన్నడం మాట్లాడి బేరం చేయగలిగింది చిన్నాయన ఒక్కడే. ఆయన బస్సులో పోయి, ఒకటి ఒళ్లో, ఒకటి కాళ్ల సందున పెట్టుకుని తెచ్చాడు. రెండూ ఒకే రకం, రెండూ పాతవే. మ్యాగ్నెట్లు గట్టిగా ఉన్నాయి గానీ కాగితం అంచులు చిరిగాయి. ఇప్పుడైతే స్పీకరే మార్చేస్తాం. అప్పుడు అంచు కట్టుకునేవాళ్లం.

అంచు కట్టడం మా ఇంట్లో ఒక పెద్ద పని. మగ్గాల దగ్గర పారేసిన మెత్తని నూలు గుడ్డ తెచ్చి సన్నగా కత్తిరించాలి. జిగురుకు చింతగింజలు. గొంగళ్లు నేసేవాళ్లు గొంగడి బిగువుకు రాసే జిగురే అది. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించాలి. అమ్మ వేయిస్తుంటే పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. వేగిన గింజను బుగ్గన పెట్టుకుంటే పొద్దంతా నమలొచ్చు. చిన్నమ్మ జొన్నరొట్టెలు చేస్తూ, జిగురు మొత్తం తినేస్తే మీ నాయన మీ చెవులు కత్తిరించి స్పీకరుకు అంటిస్తాడు అనేది. ఆమె పుంటికూర పప్పు వండిందంటే మా అమ్మ వండిన కూర ఎవరూ ముట్టేవాళ్లు కాదు. దానికి అమ్మ అలిగేది కూడా కాదు, తనే ముందు కూర్చునేది.

డబ్బాలు చెరొకటి చేద్దామని అన్నదమ్ములు పందెం వేసుకున్నారు. శబ్దం గోలగోలగా తిరగకుండా డబ్బా లోపల మెత్తది ఏదైనా పరచాలి. నాయన మగ్గాల దగ్గరి వేస్టు దూది తెచ్చి పరిచాడు. చిన్నాయన గోనెసంచులు కొట్టాడు. దూదిది పెళ్లికూతురి పరుపు అని ఆయన నవ్వితే, గోనెది గాడిద పడక అని నాయన అన్నాడు. నాయన అంత హాయిగా ఎగతాళి చేయడం మళ్లీ నేను చూడలేదు.

క్రాసోవర్ అనే మాట అప్పుడు మా దగ్గర ఎవరికీ తెల్వదు. ట్వీటరుకు లావు శబ్దం పోతే కాలిపోతుందని మాత్రం తెలుసు. దానికి మావాళ్లు కనుక్కున్న ఉపాయం సీలింగ్ ఫ్యాను కండెన్సరు. దాన్ని మధ్యలో కలిపితే సన్న శబ్దం మాత్రమే దాటుతుంది. ఒకటి మా పాడైన ఫ్యానులోది దొరికింది. రెండోది లేదు. ఆ మధ్యాహ్నం చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని అయ్యగారింటికి పోయి, ఫ్యాను కిరకిరలాడుతోంది నూనె వేస్తానని ఎక్కి, కండెన్సరు ఊడదీసుకుని దిగాడు. నేను కింద స్టూలు పట్టుకున్నాను. మర్నాటి నుంచి అయ్యగారు స్విచ్చి వేసి, ఫ్యాను రెక్కను కర్రతో ఒకసారి తోసి, అప్పుడు కూర్చునేవారట. వాళ్లింట్లో అమ్మగారు ఈ సంగతి చెప్పుకుంటుంటే చిన్నాయన నా వైపు చూడకుండా పైకప్పు చూశాడు. మేము ఇంటికొచ్చి కడుపులు పట్టుకుని నవ్వాము. నవ్వినవాళ్లలో నాయన కూడా ఉన్నాడు.

డబ్బాలు తయారయ్యాయి. వసారాలో ముందు నాయనది మోగించారు. డోలక్ దెబ్బ పడితే అరుగు మీది ఇత్తడి చెంబులు ఒణికాయి. తర్వాత చిన్నాయనది. అదీ అంతే. పోంగా ముక్కుగొంతు విని విని ఉన్న వాడకట్టు వాడకట్టంతా మా వాకిట్లో నిలబడింది. ఆ పూట అన్నదమ్ములు ఒక్క పళ్లెంలో తిన్నారు. చిన్నమ్మ వడ్డించింది.

ఆ వారమే రాజోలి దగ్గర తుంగభద్ర ఇసుకలో కూటాలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు ఇసుకలో రాళ్ల పొయ్యిలు పెట్టారు. ఏటి చేపల పులుసు, చింతపండు వాసన, తడి ఇసుక వాసన ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. సినిమా హాల్లో ఉన్నట్టు ఘనంగా కనబడాలని నాయన రెండు డబ్బాలనూ వేదిక పక్కన జంటగా, భుజానికి భుజం ఆనించి పెట్టించాడు. మేము రెండిటినీ కలిపి మోగించడం అదే మొదలు. ఇంట్లో ఒకదాని తర్వాత ఒకటే మోగించాం.

పొద్దు వాలుతుండగా పాట ఎత్తుకున్నారు. డోలక్ దెబ్బ పడింది. ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు టకటకమంది. లోపలి బరువంతా ఎవరో తోడేసినట్టు పోయింది. గొంతులు పలచగా, ఎక్కడో వెనక నుంచి వస్తున్నట్టున్నాయి. నాయన ముఖం మాడిపోయింది. మైకు పెట్టె బాగానే ఉంది, వైర్లు బాగానే ఉన్నాయి. అప్పుడాయన వంగి చిన్నాయన డబ్బా వైరు పీకేశాడు. పీకగానే శబ్దం నిండుగా వచ్చింది. డోలక్ దడదడమంది. ముందు వరసలో కూర్చున్నవాళ్లు కూడా ఆహా అన్నారు. మళ్లీ పెట్టాడు, మళ్లీ డొల్ల. మళ్లీ పీకాడు, మళ్లీ నిండుగా. ఇక సాక్ష్యం ఏం కావాలి అన్నట్టు అందరూ చిన్నాయన వైపు చూశారు.

చిన్నాయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నీదొకసారి పీకి చూడన్నా."

నాయన వినలేదు. పెద్దవాడి డబ్బాను నలుగురిలో పరీక్షకు పెట్టడమా. వినకపోగా, రాయచూరు ఎవరు పోయారు, ఇద్దరం పోయామా, ఒక్కడివే పోయావు అన్నాడు. మంచి స్పీకరు దారిలోనే అమ్ముకుని, చచ్చినదాన్ని నీ డబ్బాలో పెట్టి, అది నా డబ్బా శబ్దాన్ని కూడా తినేలా చేశావు అన్నాడు. చిన్నాయన దేవుని తోడు అన్నాడు. అప్పుడు నాయన అయ్యగారి వైపు తిరిగి, మీ ఫ్యాను కండెన్సరు ఎక్కడ పోయిందో తెలుసా, వీడి డబ్బాలోనే ఉంది, అయ్యగారింట్లో చెయ్యి పెట్టినోడు అన్న దగ్గర పెట్టడా అన్నాడు. అది విని జనం గుసగుసలాడారు. మా ఇంటి నవ్వులాటను నాయన అలా బయటికి తీశాడు. అయ్యగారు తనకేం పట్టింపు లేదు, వదిలేయమని అంటూనే ఉన్నాడు. చిన్నమ్మ అన్నం గంప ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంది. గంప దించి పోయి చిన్నాయన పక్కన నిలబడింది.

ఆ తర్వాత ఎన్నాళ్లకో కాదు, చిన్నాయనా చిన్నమ్మా కొడుకును తీసుకుని మేస్త్రీ లారీ ఎక్కి బొంబాయి దిక్కు వలస పోయారు. మా పాలమూరు లేబరు ఎప్పుడూ పోయే దారే. రాళ్లకు బెజ్జాలు కొట్టే పని, రోడ్ల పని. చిన్నాయన చేతులు సన్నటి రాగి తీగ చుట్టే చేతులు. వాటికి డ్రిల్లు మిషను ఇచ్చారు. ఆ దుమ్మంతా ఆయన ఊపిరితిత్తుల్లో ఉంది ఇప్పుడు. మాట్లాడితే దగ్గు, దగ్గితే ఆయాసం.

డబ్బాలు మాతోనే ఉండిపోయాయి. నాయన మళ్లీ ఎన్నడూ వాటిని పక్కపక్కన పెట్టలేదు. తన డబ్బా వేదిక దగ్గర, చిన్నాయన డబ్బా మైదానం అవతలి కొసన. అలా పెడితే ఏ లోపమూ తెలిసేది కాదు. దూరముంటేనే దానికి బుద్ధి అనేవాడు నాయన. ఆ డబ్బాలు మోగితేనే మా పొయ్యి వెలిగింది. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నది, ఐటీఐలో చేరింది, ఉద్యోగం తెచ్చుకున్నది అన్నీ వాటి మీదనే. చిన్నాయన పాలు ఎన్నడూ తీయలేదు. తీయాలని మా ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నాయన పోయినప్పుడు చిన్నాయన వచ్చి, గుప్పెడు మట్టి వేసి, మా ఇంట్లో నీళ్లు కూడా తాగకుండా బస్సెక్కాడు. అప్పుడు ఆయన మీద నాకు కోపం వచ్చింది. చచ్చినోడితో కూడా పంతమా అనుకున్నాను.

ఇప్పుడు ఆ డబ్బాలు నా ఎదుట విప్పి ఉన్నాయి. ఒకదాంట్లో నల్లబడ్డ దూది, ఇంకోదాంట్లో చీకిన గోనె. ఏది ఎవరిదో అడగక్కర్లేదు. స్పీకరుకు రెండు కొనలుంటాయి. ఒకదాని దగ్గర ఎర్ర చుక్క ఉంటుంది. ఎర్ర వైరు దానికి కలపాలి. గోనె డబ్బాలో ఎర్ర వైరు ఎర్ర చుక్కకే ఉంది. దూది డబ్బాలో చుక్క మీద జిగురు కారి ఎండిపోయింది. గోటితో గీకాను. ఎర్ర చుక్క కనబడింది. దానికి ఉన్నది నల్ల వైరు.

కాసేపు నమ్మబుద్ధి కాలేదు. టార్చి సెల్లు తెచ్చి రెండు వైర్లకూ ఆనించాను. గోనె డబ్బా స్పీకరు కాగితం చిరిగి ఉన్నా కొద్దిగా ముందుకు వచ్చింది. దూది డబ్బాది వెనక్కి పోయింది. అంతే. ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది. పక్కపక్కన పెడితే ఒకదాని బలాన్ని ఒకటి చంపుకుంటాయి. ఏది పీకినా రెండోది నిండుగా మోగుతుంది. చిన్నాయన డబ్బా పీకినా అంతే, నాయనది పీకినా అంతే. మావాళ్లు అంతకుముందు పెళ్లిళ్లకు సీరియల్ బల్బులు కట్టినవాళ్లు. బల్బుకు వైరు ఎటు పెట్టినా వెలుగుతుంది కదా. దీనికీ అంతే అనుకుని నాయన చేతికొచ్చిన వైరు పెట్టాడు. చిన్నాయన కూడా తెలిసి పెట్టినట్టు లేదు, ఆయనకు అది కలిసొచ్చింది.

దొంగతనం లేదు, చచ్చిన స్పీకరు లేదు. రెండు వైర్లు తారుమారయ్యాయి. దానికి ఒక మనిషి బతుకు బండల దుమ్ములో పోయింది. తప్పు నేను చేయలేదు, నిజమే. కానీ తిన్నది నేను. నా చదువు, ఈ ఇల్లు, నెలనెలా వచ్చే పింఛను, అన్నీ ఆ లారీ పోయిన దారికి ఇవతల మిగిలినవాళ్లవి. పాత స్పీకర్లు తీసేసి కొత్తవి బిగించాను. టంకం వేస్తూ వేస్తూ వేలు కాల్చుకున్నాను.

కొత్త స్పీకర్లు, కొత్త క్రాసోవర్లు సరిగ్గా కలిపి రెండిటినీ పక్కపక్కన పెట్టి మోగించి చూశాను. ఆ శబ్దం మా వసారాలో విన్నదానికన్నా బాగుంది. బాగుండడమే నాకు కష్టంగా అనిపించింది. పాతది బాగుచేయడం ఇంత తేలికైన పనా అని.

చిన్నాయనకు చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం, పోయిన కాలం వస్తుందా, పైగా మట్టిలో ఉన్న నాయనను నలుగురి నోళ్లలో పెట్టడం ఎందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. శనివారం పొద్దున డబ్బాలను ట్రాలీ ఆటోలో వేయించుకుని బయల్దేరాను. వనపర్తిలో చాయ్ తాగాం. గద్వాల దాటుతుంటే తల తిప్పి మగ్గాల వీధి వైపు చూడలేదు. దారంతా ఒకటే మాట మననం చేసుకున్నాను. పాతవి పాడయ్యాయి, కొత్తవి వేశాను.

చిన్నాయన శామియానా కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బక్కచిక్కిపోయాడు గానీ కళ్లు అవే. పక్కన ఇంకో కుర్చీ మీద చిన్నమ్మ ఫోటో, ఇంకా దండ వేయలేదు. డబ్బాలు దింపగానే లేచి వచ్చి రెండిటి చెక్కనూ చేత్తో తడిమాడు. జంటగా పెట్టమని మనవడికి చెప్పాడు. పిల్లవాడు ఫోన్లోంచి డోలక్ వేసి, కుర్చీలు తేవడానికి పోయాడు. నిండుగా మోగింది. చిన్నాయన రెండు అరచేతులూ రెండు డబ్బాలకు ఆనించి నిలబడ్డాడు. చాలాసేపటికి తల తిప్పి ఏం చేశావని అడిగాడు. నేను నేర్చుకొచ్చిన మాట అప్పజెప్పాను. పాతవి ఖరాబయ్యాయి, కొత్తవి వేశాను అన్నాను.

ఆయన తలూపాడు. మెల్లగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"అంటే నేను తెచ్చిందే మంచిది గాదన్నట్టు. రాయచూరు దుకాణపోడు నన్ను మోసం జేసిండు. నాకు తెల్వకపాయె. మీ నాయనను ఎన్ని మాటలనుకున్ననో బిడ్డా. ఆయన మట్టి కాడికొచ్చి గూడ మనసుల తిట్టుకుంటనే పోయిన. రేపు కూడికల అందరి ముంగట ఒప్పుకుంట. తప్పు నాదే ఉండె అని."

నేను చెప్పిన అబద్ధం ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. చేయని నేరం ఆయన మీద వేసింది నాయన. దాన్ని ఆయన చేతే ఒప్పించబోతున్నది నేను. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు నేలమీద కూర్చున్నాను.

"తప్పు నీది గాదు చిన్నాయనా. నాయనది. నీ స్పీకరు మంచిదే ఉండె. నాయన దాంట్ల వైర్లు ఉల్టా ఉన్నయి."

ఆయనకు ఒకసారికి అర్థం కాలేదు. నేను లేచి, దూది డబ్బా వెనక రెండు వైర్లూ తారుమారు చేసి, అప్పుడున్నట్టే పెట్టాను. డోలక్ టకటకమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ శబ్దం ఆయన మరిచిపోలేదు. ముందు ఆయన డబ్బా వైరు పీకాను, నాయన ఆ రోజు చేసినట్టే. నిండుగా వచ్చింది. మళ్లీ పెట్టాను. అప్పుడు నాయన డబ్బా వైరు పీకాను. చిన్నాయన డబ్బా ఒక్కటే, గోనె పరిచిన డబ్బా, శామియానా గుడ్డ అదిరేలా మోగింది.

ఆయన ముఖం తేటపడుతుందనుకున్నాను. నవ్వుతాడనో, ఏడుస్తాడనో, నాయనను నోరారా తిడతాడనో ఎదురుచూశాను. తిడితే నాకు కొంచెం తేలికయ్యేది. ఆయన నా వైపు చూడనే లేదు. పక్క కుర్చీలో ఉన్న ఫోటో వైపు చూస్తున్నాడు. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆగి అన్నాడు.

"మీ చిన్నమ్మ పోయే ముందు గూడ అడిగింది బిడ్డా. దవాఖానల. ఇప్పుడన్న నిజం జెప్పు, ఆ మంచి స్పీకరు ఎవరికి అమ్మినవ్ అని."

ఇసుకలో అన్నం గంప దించి వచ్చి ఆయన పక్కన నిలబడిన చిన్నమ్మ నా కళ్ల ముందు ఇప్పటికీ ఉంది. నమ్మింది కాబట్టే నిలబడిందని చిన్నప్పటి నుంచీ అనుకున్నాను. నమ్మకుండానే నిలబడింది, నమ్మకుండానే లారీ ఎక్కింది, నమ్మకుండానే ఆయనకు బతుకంతా జొన్నరొట్టెలు చేసిపెట్టింది. ఏడాది కిందట ఈ మరలు విప్పి ఉంటే ఆమె కూడా వినేది. డబ్బాలు అప్పుడూ నా సజ్జ మీదే ఉన్నాయి.

వైర్లు మళ్లీ సరిచేసి పెట్టాను. మర్నాడు కూడికలో డోలక్ బాగా పలికింది. సౌండు ఎంత బాగుందో అని వచ్చినవాళ్లంతా నాతో అన్నారు.